రాసిందీ ఆమే, పాడిందీ ఆమే

సినిమా నీడ పడని తెలుగు పాట ఎక్కడ పుట్టింది? ఎవరు కాపాడారు? ఎవరు మరిచిపోయారు? జహీరాబాద్ పక్కన మాచనూరు నుంచి మద్రాసు రేడియో దాకా...

పొద్దుగూకింది. చేలో కలుపు తీసి వచ్చిన ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని, కొంగులు సర్దుకుని చిన్న గదిలో కింద కూర్చున్నారు. తలుపు వేయగానే బయటి మేకల అరుపులు, ట్రాక్టరు చప్పుడు ఆగిపోయాయి. మధ్యలో మైకు.

"వదినే, నువ్వెత్తుకో."

"నువ్వే ఎత్తుకోరాదే, మేమందుకుంటం."

ఒకామె దగ్గి గొంతు సవరించుకుంది. అద్దానికి అవతల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయి చెయ్యి పైకెత్తింది. హార్మోనియం లేదు, తబలా లేదు. ఒకరి చేతిలో తాళాలున్నాయి, మిగతా వాళ్లకు అరచేతులే వాద్యం. పాట మొదలైంది. కొర్రల గురించి, కొర్రలు పండే ఎర్రనేల గురించి. బాణీ బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు అమ్మమ్మలు పాడుకున్నది. మాటలు మాత్రం ఎత్తుకున్నామెవి. చాళ్ల మధ్య నడుస్తూ కట్టుకుంది, కాగితం మీద పెట్టలేదు. రెండో చరణానికొచ్చేసరికి పక్కనున్న నలుగురూ అందుకున్నారు. ఒక గొంతు కింద నిలబడింది, ఒకటి పైకి పోయింది, ఇంకొకటి కాస్త ఆలస్యంగా వచ్చి చేరింది. గది నిండిపోయింది.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ పక్కన, ఝరాసంగం మండలం మాచనూరులో సంగం రేడియో పాటలు ఇలా రికార్డవుతాయి. రాసిందీ, బాణీకి ఒదిగించిందీ, పాడిందీ ఒక్కరే. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి వాళ్ల తొలి ఆల్బమ్ యాభై ఏళ్ల తర్వాత దొరికితే పండగ చేసుకుంటారు. కొత్త డిస్కులు అచ్చువేస్తారు, డాక్యుమెంటరీలు తీస్తారు. మన దగ్గర ఆ పాటల్లో చాలావాటికి డిస్కే లేదు. అందుకే ఈ కథ చెప్పాలి.

వాద్యాలు ఎవరు కూర్చాలి?

కొంతకాలంగా తెలంగాణలో పాట గురించి మాట్లాడని ఇల్లు లేదు. 2024 జూన్ 2న అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' రాష్ట్ర గీతమైంది. కీరవాణి దానికి సంగీతం సమకూర్చారు. ఇక్కడి పాటకు ఇక్కడి సంగీతకారులే వాద్యాలు కూర్చాలని ఒక వాదన లేచింది. పాటకు ప్రాంతం గోడ ఎందుకని మరో వాదన. బడి చదువు లేని అందెశ్రీ పశువులు కాస్తూ, తాపీ పని చేస్తూ పెరిగారు. ఆయన నోట పుట్టిన పాట తెలంగాణ ఉద్యమమంతా ఒంటి గొంతులతో నడిచి, చివరికి పెద్ద వాద్యబృందం మధ్యకు వచ్చింది. ఆయన 2025 నవంబరులో కన్నుమూసినప్పుడు ఊరూరా అదే పాట మోగింది.

మరోపక్క యూట్యూబ్‌లో ప్రైవేటు జానపదాలు సినిమా పాటల్ని దాటిపోతున్నాయి. రాము రాథోడ్ రాసి పాడిన 'రాను బొంబాయికి రాను' పెళ్లి బరాతుల్లో మోగని ఊరు లేదు. కీబోర్డు మీద వేసిన వయొలిన్లు, యంత్రం కొట్టిన డప్పు, మధ్యలో ఒక నిజమైన గొంతు. సినిమా గడప తొక్కకుండానే పాట జనంలోకి పోతోంది. కొత్త సంగతిలా కనిపిస్తుంది కానీ తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. ఎనభై ఏళ్ల కిందటే మనకు వాద్యబృందంతో కూడిన సొంత పాట ఉంది. దాని పేరు లలిత సంగీతం. దాని ఇల్లు రేడియో.

రజని అనే మనిషి

బాలాంత్రపు రజనీకాంతరావు 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. తండ్రి వెంకటరావు, వేంకట పార్వతీశ కవుల జంటలో ఒకరు. ఇంట్లో కవిత్వం, పిఠాపురంలో సంగీతం, వాల్తేరులో విశ్వవిద్యాలయం చదువు. 1941లో మద్రాసు రేడియోలో చేరారు. పాట రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు, వాద్యకారులను కూర్చోబెట్టి పాడించేవారు. వీణ, వేణువు, వయొలిన్, క్లారినెట్ ఒక దగ్గర చేరితే తెలుగు మాట ఎలా వినపడాలో ఆయన ఏళ్ల తరబడి ప్రయోగం చేశారు. శాస్త్రీయ కచేరీకీ సినిమా పాటకూ మధ్య ఉన్న ఆ దారికి లలిత సంగీతమన్న పేరు స్థిరపరిచింది ఆయనేనంటారు.

సినిమా ఆయన్ను పిలవలేదా అంటే, పిలిచింది. 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో భానుమతి గొంతుతో ఊరూరా తిరిగిన పావురం పాట రజని చేతిదే. రేడియో ఉద్యోగం కారణంగా సొంత పేరు వేసుకోలేక సోదరుడు నళినీకాంతరావు పేరు వాడుకున్నారు. ఆ పాట పాడుకున్న లక్షల మందికి రాసిందెవరో తెలియలేదు.

1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి గొంతు 'మాదీ స్వతంత్ర దేశం' అని పాడింది. రచన రజనిది, బాణీ రజనిది. ఆ పాట ప్రసారమవుతున్నప్పుడు జహీరాబాద్ ఇంకా నిజాం రాజ్యంలో ఉంది, బీదర్ జిల్లాలో భాగంగా. ఇక్కడి రైతుకు ఆ పాట నిజం కావడానికి 1948 సెప్టెంబరు 17 దాకా ఆగాల్సి వచ్చింది. ఇక్కడివాళ్లకు రేడియో అంటే నిజాం ప్రభుత్వం నడిపిన డెక్కన్ రేడియో. అది 1950లో ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రమైంది.

రజని రాసిన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'కు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. క్షేత్రయ్య, త్యాగయ్య, రామదాసు మొదలైన వాగ్గేయకారులందరి చరిత్ర రాసిన మనిషి తానూ అదే వరసలో నిలబడ్డారు. 2018 ఏప్రిల్ 22న, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇంత సేవ చేసిన మనిషి పాటలన్నీ దాచుకోవడానికి ఒక ఇంటి అలమారా సరిపోకూడదు. కానీ అలా వరసగా వినే వీలే లేదు.

మంత్రిగారి పంతం, పాటకు దక్కిన వరం

1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే పడేది కాదు. ఆకాశవాణిలో సినిమా పాట తగ్గిపోయింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. ఆ ఖాళీ నింపడానికి ఆకాశవాణి తన కేంద్రాల్లో లలిత సంగీత విభాగాలను పెంచింది. కవుల దగ్గర పాటలు రాయించి, జీతమిచ్చి పోషించిన వాద్యకారుల చేత వాయింపజేసి, కొత్త గొంతులకు అవకాశమిచ్చింది. శ్రోతల ఒత్తిడికి 1957 అక్టోబరులో వివిధ భారతి వచ్చి సినిమా పాట మళ్లీ రేడియోలోకి అడుగుపెట్టింది. కేస్కర్ గెలవలేదు. కానీ ఆ పంతం వల్ల తెలుగు భాషకు కలిగిన మేలు చాలా పెద్దదని నా నమ్మకం. విజయవాడలో బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటి మహా విద్వాంసులు మూడు నాలుగు నిమిషాల చిన్న పాటకు గొంతులిచ్చారు. మరెక్కడ జరుగుతుంది ఇది?

హైదరాబాద్ కేంద్రంలో పాలగుమ్మి విశ్వనాథం ఉండేవారు. వీణ విద్వాంసుడు, 'గాలివాన' కథ రాసిన పాలగుమ్మి పద్మరాజుకు తమ్ముడు. 'అమ్మదొంగా' పాట ఆయనే రాశారు, ఆయనే బాణీ కట్టారు. వేదవతీ ప్రభాకర్ పాడారు. నలభై దాటిన తెలుగువాళ్లలో ఆ పాట వినగానే గొంతు పూడుకుపోయేవాళ్లు ఎందరో. 'ఈ మాసపు పాట' అని ఒక పాటను నెలంతా మళ్లీ మళ్లీ వినిపిస్తే, ఆడపిల్లలు నోటుపుస్తకం పట్టుకుని రేడియో పక్కన కూర్చుని చరణాలు రాసుకునేవారు. ఎన్ని ఇళ్లలో ఆ నోటుపుస్తకాలే ఇప్పుడు మిగిలిన ఏకైక ఆధారమో!

ఎందుకంటే టేపు ఖరీదైన వస్తువు. ఒకసారి ప్రసారమైన దాన్ని చెరిపి, దాని మీదే మరొకటి రికార్డు చేయడం రేడియో కేంద్రాల్లో అలవాటు. ఈ వారం పాట వచ్చే వారం వ్యవసాయ ప్రసంగం కింద మాయమైపోయేది. గ్రామఫోను కంపెనీలకు సినిమా పాట మీద వచ్చే లాభం ముందు రేడియో పాట కనిపించలేదు. కళ్లముందే పెద్ద వాద్యబృందం ఉంది, గొప్ప గొంతులున్నాయి, మంచి కవులున్నారు. లేనిది అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తీసుకుపోగలిగే నల్లటి పళ్లెం ఒక్కటే.

---

ఒక్క రికార్డు చేసిన పని

శంకరంబాడి సుందరాచారి 'మా తెలుగు తల్లికి' పాటను 'దీనబంధు' (1942) సినిమా కోసం రాశారు. సినిమా వాళ్లు వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి దాన్ని ప్రైవేటు గ్రామఫోను రికార్డుగా పాడారు. ఆ రికార్డే పాటను ఇంటింటికీ చేర్చింది. 1975లో అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. రచయిత మాత్రం పేదరికంలోనే 1977లో తిరుపతిలో చనిపోయారు.

---

లండన్‌లో ఒక తోటమాలి

పాట మంచిదైతే తనంతట తానే బతుకుతుందని మనం తేలిగ్గా అనేస్తాం. బిల్ ఫే సంగతి వినండి. లండన్ మనిషి. 1970లో తన పాటల తొలి ఆల్బమ్ తెచ్చాడు. మైకేల్ గిబ్స్ పెద్ద వాద్యబృందాన్ని కూర్చాడు. ఆల్బమ్ అమ్ముడుపోలేదు. మరుసటేడాది రెండోది వచ్చింది, అదీ పోయింది. కంపెనీ చెయ్యి వదిలేసింది. ఫే తోటపని చేశాడు, చేపల దుకాణంలో పనిచేశాడు. పాటలు రాయడం మాత్రం ఆపలేదు, ఇంట్లో పియానో ముందు కూర్చుని రాస్తూనే ఉన్నాడు.

అమెరికాలో జాషువా హెన్రీ అనే కుర్రాడు తండ్రి దాచుకున్న రికార్డుల మధ్య ఆ పాత ఆల్బమ్‌లు వింటూ పెరిగాడు. పెద్దయ్యాక నిర్మాతై, ఫేను వెతికి పట్టుకుని మళ్లీ స్టూడియోకి తీసుకొచ్చాడు. 2012లో కొత్త ఆల్బమ్ వచ్చింది, నాలుగు దశాబ్దాల తర్వాత. 2025 ఫిబ్రవరిలో 81 ఏళ్ల వయసులో ఫే పోయినప్పుడు ప్రపంచ పత్రికలన్నీ రాశాయి.

అంతకంటే దుఃఖం మరో ఇంగ్లండు పాటగాడు నిక్ డ్రేక్‌ది. 1969లో మొదటి ఆల్బమ్. తీగవాద్యాల కూర్పులో ఎక్కువ భాగం కేంబ్రిడ్జిలో తోటి విద్యార్థి రాబర్ట్ కిర్బీ చేశాడు. మూడు ఆల్బమ్‌లూ కొన్ని వేలకు మించి అమ్ముడుపోలేదు. 1974లో, 26 ఏళ్లకే డ్రేక్ చనిపోయాడు. పాతికేళ్ల తర్వాత ఒక కారు ప్రకటనలో అతని పాట వాడితే, బతికుండగా అమ్ముడుపోని డిస్కుల కోసం జనం దుకాణాలకు పరిగెత్తారు.

వీళ్లిద్దరి పాటలూ ఎవరో ఒకరి అలమారాలో పదిలంగా ఉన్నాయి కనకే తిరిగి దొరికాయి. మన రేడియో కవులకు ఆ అదృష్టం పట్టలేదు.

పదేళ్లు గాలి కోసం ఎదురుచూపు

ఇక్కడే మాచనూరు ఆడవాళ్లు ఎంత పెద్ద పని చేశారో అర్థమవుతుంది.

1983లో జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని స్థాపకుల్లో ముఖ్యుడు పి.వి. సతీష్, మైసూరులో పుట్టిన మనిషి, దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసి వచ్చినవాడు. ఊళ్లలో దళిత మహిళా రైతుల సంఘాలు ఏర్పడ్డాయి. ఒకే చేలో పదిహేను, ఇరవై రకాల పంటలు కలిపి వేసే పాత పద్ధతిని ఆ ఆడవాళ్లు తిరిగి పట్టుకున్నారు. జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు. విత్తనాలతో పాటే పాటలూ ఉన్నాయి. విత్తేటప్పుడు ఒకటి, కలుపుకు ఒకటి, కోతకు ఒకటి, తిరగలి విసిరేటప్పుడు ఒకటి. పంట పోతే దానితో పాటే పాట పోతుంది. సామలు వేయని చేలో సామల పాట ఎవరు పాడతారు?

1990ల చివర్లో యునెస్కో సాయంతో మాచనూరులో స్టూడియో తయారైంది. మైకులున్నాయి, రికార్డు చేసే యంత్రాలున్నాయి, వాటిని నడపడం నేర్చుకున్న ఊరి అమ్మాయిలున్నారు. ప్రసారం చేసుకోవడానికి లైసెన్సు మాత్రం లేదు. అప్పటికి రేడియో తరంగం సర్కారు చేతుల్లోనే ఉంది. దాదాపు పదేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ పదేళ్లూ వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పాటలు, ముచ్చట్లు, వైద్యం, విత్తనాల కబుర్లు రికార్డు చేస్తూ పోయారు. ఆ క్యాసెట్లను సంఘం సమావేశాలకు మోసుకెళ్లి వినిపించారు. రేడియో లేని రేడియో!

నిజానికి గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని స్టూడియో రాకముందే, 1995 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్ ఉన్నారు. 2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో అనుమతులివ్వడానికి ఒప్పుకుంది. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంగం రేడియో ప్రసారం మొదలైంది. దాన్ని ప్రారంభించింది అదే జస్టిస్ సావంత్. ఢిల్లీలో రాసిన తీర్పు పదమూడేళ్లకు ఒక దళితవాడ ఆడవాళ్ల గొంతుగా వినబడుతుంటే చూడగలగడం ఏ న్యాయమూర్తికైనా అరుదైన భాగ్యం.

---

సంగం రేడియో

ప్రసార తరంగం: 90.4 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం.

వేళ: సాయంత్రం రెండు గంటల పాటు, పొలం పని ముగిశాక.

చేరే దూరం: చుట్టూ పాతిక ముప్ఫై కిలోమీటర్లు.

నడిపేది: సంఘాల దళిత మహిళలు. తొలినాళ్ల నుంచి రేడియోకు ముఖాలైన ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, మరొకరు అల్గోల్ నర్సమ్మ.

సంస్థకు గుర్తింపు: డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి. ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరం జరుపుకున్న 2023లోనే, మార్చి నెలలో సతీష్ కన్నుమూశారు.

---

వాద్యబృందం గొంతుల్లోనే ఉంది

జహీరాబాద్ పాటకు ఒక ప్రత్యేకత ఉంది. 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనతో మెదక్‌లో కలిసిన ప్రాంతమిది. సంతలో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ ఒకేసారి వినిపిస్తాయి. బతుకమ్మ పాట బాణీలోకి కన్నడ విరుపు వచ్చి చేరుతుంది. పీర్ల పండుగలో నిప్పుల గుండం (అలావా) చుట్టూ ఆడుతూ పాడే పాటలో ఉర్దూ మాట, తెలుగు ప్రాస కలిసి నడుస్తాయి. ఏ స్టూడియో పండితుడూ కలపమని చెప్పలేదు.

పాట కట్టే తీరు కూడా చూడదగ్గది. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకునే ఆమెకు తర్వాతి చరణం ఆలోచించుకోవడానికి ఆ అందుకునే వరసలే ఊపిరి. అందుకే పాట ఎంతసేపైనా సాగుతుంది. మధ్యలో ఎవరికైనా మంచి మాట తోస్తే అక్కడే కలుపుతారు. 78 ఆర్‌పిఎం గ్రామఫోను రికార్డు ఒక పక్క మూడు నిమిషాల్లో అయిపోయేది. మన ప్రైవేటు పాటలన్నీ ఆ మూడు నిమిషాల కొలతకు కత్తిరించుకుని పుట్టాయి. మాచనూరు పాటకు ఆ కత్తెర తగల్లేదు.

పాటల్లో ఏముంటుంది? కరువు ఉంటుంది, అప్పు ఉంటుంది, అత్తింట్లో కడుపు నిండని కోడలుంటుంది. వీటితో పాటు పాత పాటల్లో లేని సంగతులూ వచ్చి చేరాయి. సంఘంలో పొదుపు చేసిన డబ్బుతో బంజరు నేల కౌలుకు పట్టడం, ఇంట్లో దాచిన విత్తనం పొరుగామెకు పంచడం, సర్కారు ఎరువు లేకుండా చేను పండించడం. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్లు అలంకరించి విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతరలో ఇవన్నీ గొంతెత్తి పాడతారు. బండి ముందు డప్పు, వెనక పాట. పాట విన్న ఊరి ఆడవాళ్లు దాన్ని తమ బాణీకి తిప్పుకుంటారు. మరుసటేడు జాతర వచ్చేసరికి పాటకు కొత్త చరణాలు మొలిచి ఉంటాయి.

ఇలా పాటను తిరగ కట్టుకోవడం ఇక్కడి పాత మెదక్ నేలకు కొత్త కాదు. తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ పల్లెల బాణీలు పట్టుకుని కొత్త మాటలు పెట్టారు. క్యాసెట్లు వాటిని దేశమంతా మోశాయి. ఆయన పేరు క్యాసెట్ అట్ట మీద ఉంది కనక మనకు తెలుసు. కలుపు తీస్తూ పాట కట్టిన ఆడమనిషి పేరు ఏ అట్ట మీదా లేదు. 'జానపదం' అని ఒక్క ముక్క రాసేసి, ఆ పాటకు కర్తే లేనట్టు ప్రవర్తించడం మన పుస్తకాలకూ, సినిమాలకూ, ఇప్పుడు యూట్యూబ్ చానళ్లకూ అలవాటైపోయింది. ఎవరో ఒక ముసలామె దగ్గర పాట నేర్చుకుని, దానికి బీటు కలిపి, కింద తన పేరు వేసుకునే వాళ్లున్నారు. అది దొంగతనమే. మెత్తటి మాట వాడాల్సిన పని లేదు.

ఆకాశవాణిలో ఒక మంచి మర్యాద ఉండేది. పాట వినిపించే ముందు రచన ఫలానా వారు, సంగీతం ఫలానా వారు, గానం ఫలానా వారు అని ప్రకటించేవారు. పల్లెటూరి శ్రోతకు కూడా రజని పేరు, పాలగుమ్మి పేరు తెలిసింది అలాగే. సంగం రేడియోలో కూడా పాట వెనక మనిషి, మనిషి వెనక ఊరు ఉంటాయి. వినేవాళ్లకు ఆ గొంతు పక్క ఊరి వదినదో, చిన్నమ్మదో తెలిసిపోతుంది. ఇంటర్నెట్‌లో తిరుగుతున్న పాటకు ఆ మర్యాద కరవైంది.

ఇప్పుడు చేయాల్సిన పనులు పెద్ద ఖర్చువి కావు. విజయవాడ, హైదరాబాద్ ఆకాశవాణి కేంద్రాల్లో మిగిలి ఉన్న లలితగీతాల జాబితాను రచన, సంగీతం, గానం పేర్లతో సహా ప్రజల ముందు పెట్టవచ్చు. రేడియో పాటలు రాసుకున్న నోటుపుస్తకాలు దాచుకున్న ఇళ్లవాళ్లు వాటిని ఫొటోలు తీసి పంపితే, చెరిగిపోయిన పాటలకు కనీసం మాటలైనా మిగులుతాయి. బతుకమ్మకు ఊళ్లో ఫోన్ పట్టుకుని వీడియో తీసే కుర్రాళ్లు మొదట ఒక్క నిమిషం కెమెరాను పాట ఎత్తుకున్న ఆమె వైపు తిప్పి పేరడగాలి, ఊరడగాలి, ఈ చరణం ఎవరు కట్టారో అడగాలి.

మాచనూరు పాటలను ఆల్బమ్‌గా తేవాలనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, రావాలి కూడా. అప్పుడు వయొలిన్లు, వేణువులు కలపాలో వద్దో స్టూడియోలో కూర్చున్నవాళ్లు తేల్చకూడదు. పాట కట్టిన ఆడవాళ్లనే ముందు అడగాలి. వాళ్లు వద్దంటే తాళాలతో, అరచేతులతోనే తేవాలి. కావాలంటే మంచి వాద్యకారులను మాచనూరుకే తీసుకురావాలి. అట్ట మీద సంస్థ పేరు కింద 'జానపద గేయాలు' అని రాసి ఊరుకోకుండా, ఒక్కో పాట పక్కన ఒక్కో పేరూ, ఆమె ఊరూ అచ్చు వేయాలి. వచ్చే డబ్బులో ఆమెకు వాటా ఎంతో కాగితం మీద ముందే రాసుకోవాలి.